మడమ ఆనని బాబు: మునివేళ్ల నడకకు కారణం వెతికిన ఒక కేసు

నాలుగున్నరేళ్ల మగపిల్లాడు. రెండు కాళ్లతోనూ మునివేళ్ల మీద నడుస్తున్నాడు. పిక్క కండరం బిగుసుకుపోయింది, సాగదీసే వ్యాయామాలు చేయించండి అని రాసిన చీటీతో మా ఫిజియోథెరపీ సెంటరుకు వచ్చాడు. ఆరు నెలల్లో తేడా కనిపించకపోతే చిన్న ఆపరేషన్ చేసి మడమ వెనక టెండన్‌ను (పిక్క కండరాన్ని మడమకు కలిపే తాడులాంటి భాగాన్ని) పొడవు చేద్దామని కూడా తల్లిదండ్రులకు చెప్పారు. వాళ్లది ఖమ్మం జిల్లాలో వైరా వైపు ఒక ఊరు. తండ్రికి కొద్దిగా పొలం ఉంది, సొంత ట్రాక్టరు నడుపుకుంటాడు. తల్లి ఇంటర్ దాకా చదివింది. వాళ్ల అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

రాయడానికి కారణం ఒకటే. వేళ్ల మీద నడిచే పిల్లవాణ్ని తీసుకురాగానే అందరి చూపూ మడమ మీదకే పోతుంది. మడమ పట్టుకునే ముందు ఆ పిల్లవాణ్ని నేల మీద కూర్చోబెట్టి, లేవమని చెప్పి చూడాలి. ఈ బాబు విషయంలో ఆ ఒక్క పని ముందే జరిగి ఉంటే కుటుంబానికి ఏడాదికి పైగా కాలం కలిసొచ్చేది.

ఇంటివాళ్లు చెప్పింది

నెలలు నిండాకే పుట్టాడు, మామూలు కాన్పు, బరువు 2.9 కిలోలు. పుట్టగానే ఏడ్చాడు. ఇంక్యుబేటర్‌లో పెట్టలేదు, ఫిట్స్ రాలేదు. మెడ సమయానికే నిలబెట్టాడు. నడక 17 నెలలకు వచ్చింది. అది కాస్త ఆలస్యమే గానీ కంగారు పడేంత కాదు. మాటలు మాత్రం బాగా ఆలస్యమయ్యాయి, రెండున్నరేళ్లు దాటాక గానీ రెండు మాటలు కలపలేదు. "మగపిల్లలకు లేటే" అని ఇంట్లో అందరూ సర్దిచెప్పుకున్నారు.

వేళ్ల మీద నడక ఎప్పుడు మొదలైందంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. నాయనమ్మ ప్రకారం మొదటి అడుగు నుంచీ అంతే, వాకర్‌లో వేయడం వల్లే వచ్చింది. తల్లి మాత్రం మొదట్లో బాగానే నడిచేవాడంది. ఇలాంటప్పుడు నేను ఫోన్ అడుగుతాను. ఇప్పుడు ప్రతి తల్లి ఫోన్‌లోనూ పిల్లల నడక తేదీలతో సహా ఉంటుంది. రెండో పుట్టినరోజు వీడియోలో బాబు కేకు దగ్గరికి మడమలు ఆనించే నడిచాడు. మూడున్నరేళ్లప్పుడు ఒక పెళ్లి వీడియోలో మడమలు పైకి లేచి ఉన్నాయి. పొట్ట ముందుకు తోసుకుని, భుజాలు వెనక్కి వేసి, అటూ ఇటూ ఊగుతూ నడుస్తున్నాడు. తల్లి చెప్పిందే నిజం.

ఆ రెండు వీడియోలతోనే నా ఆలోచన ఒక దారి పట్టింది. ముందు మడమ ఆనించి నడిచి, తర్వాత వేళ్ల మీదకు వెళ్లిన పిల్లవాడిది అలవాటని నేను అనుకోను. మధ్యలో ఏదో మారింది, ఆ మారిందేమిటో తేలాలి.

ఇంకొన్ని విషయాలు అడిగితేనే బయటికొచ్చాయి. పరిగెత్తితే వెనకబడతాడు. మెట్లు రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఎక్కుతాడు. తరచుగా పడతాడు. రెండు కాళ్లతో కలిపి ఎగిరి దూకడం ఎప్పుడూ చూడలేదట. సాయంత్రానికి ఎత్తుకోమని అడుగుతాడు. ఇంట్లో దీన్ని గారాబం అనుకున్నారు.

మునివేళ్ల నడక అంటే భయపడాలా?

అక్కర్లేదు. నడక కొత్తగా వచ్చిన పిల్లలు చాలామంది కొంతకాలం వేళ్ల మీద తిరుగుతారు. రెండు, మూడేళ్లకు అది తగ్గిపోతుంది. మూడేళ్లు దాటాక కూడా ఉంటే ఒకసారి సరిగ్గా పరీక్ష చేయించాలి. అలా చేసినవాళ్లలో ఎక్కువమందికి ఏ జబ్బూ బయటపడదు. కారణం తెలియని ఆ రకాన్ని మేము ఇడియోపతిక్ అంటాం. స్వీడన్‌లో ఐదున్నరేళ్ల పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, దాదాపు 5 శాతం పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు వేళ్ల మీద నడిచినవాళ్లే. అందులో సగానికి పైగా ఆ వయసుకే మానేశారు. మిగతావాళ్లలో కూడా ఎక్కువమంది పదేళ్లు వచ్చేసరికి దానంతటదే మానేశారని తర్వాత తేలింది.

అలాంటి పిల్లలు చూడగానే వేరుగా తెలుస్తారు. మడమ ఆనించి నడువు నాన్నా అంటే కాసేపు నడవగలరు. గొంతుక్కూర్చుని ఆడుకుంటారు. ఎగురుతారు, దూకుతారు. నేల మీంచి చేతి సాయం లేకుండా చటుక్కున లేస్తారు. చిన్నప్పటి నుంచీ అలాగే నడుస్తుంటారు, చాలా ఇళ్లలో తండ్రో మేనత్తో కూడా చిన్నప్పుడు అలాగే నడిచామని చెబుతారు.

కారణం ఉన్నవాళ్లలో నేను ఎక్కువగా చూసేది నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను. మెదడులో కాళ్లకు వెళ్లే దారి దెబ్బతిని కండరాలు బిగుసుకుంటాయి. సెరిబ్రల్ పాల్సీలో అదొక రకం. పాదాన్ని గబుక్కున పైకి నెడితే చేతిలో టకటకా కొట్టుకుంటుంది, మోకాలి దగ్గర సుత్తితో తడితే కాలు ఎగిరి పడుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో వేళ్ల మీద నడక చాలా ఎక్కువ, వాళ్లలో కండరం బలంగానే ఉంటుంది. ఒక్క కాలు మాత్రమే వేళ్ల మీద ఉంటే లెక్క పూర్తిగా వేరు. తుంటి కీలు జారిందా, ఒక కాలు పొట్టిగా ఉందా, ఒక పక్క పక్షవాతం ఉందా అని చూడాలి. నడుము కింద గుంట గానీ, వెంట్రుకల కుచ్చు గానీ ఉండి, మూత్రం మీద అదుపు వచ్చిన పిల్లవాడు మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే వెన్నుపాము కింద అతుక్కుపోయిందేమో చూడాలి. బాబు చొక్కా తీసి నడుము చూశాను, శుభ్రంగా ఉంది. తుంటి కీళ్లు మామూలుగానే ఉన్నాయి. కళ్లలో కళ్లు పెట్టి చూస్తాడు, నా స్టాప్‌వాచ్ లాక్కుని తనే నొక్కుతాడు, కొత్తవాళ్లతో కూడా ఆడతాడు.

నేల మీద

టేబుల్ మీద పడుకోబెట్టి చేసే పరీక్ష కంటే ముందు నేల మీద ఆట. చాప మీద బొమ్మ లారీ పెట్టాను. బాబు కూర్చోలేదు, ముందుకు వంగి చేతులు నేలకు ఆనించి మెల్లగా దిగాడు. కాసేపు ఆడాక కిటికీ దగ్గర ఇంకో బొమ్మ చూపించి, "రా, తెచ్చుకో" అన్నాను.

లేచిన తీరు ఇది. ముందు బోర్లా తిరిగాడు. రెండు చేతులూ, రెండు మోకాళ్లూ నేల మీద. కాళ్లు వెడల్పుగా చాపి పిరుదులు పైకెత్తాడు. కుడి చెయ్యి నేల మీంచి తీసి కుడి మోకాలి మీద పెట్టాడు, తర్వాత ఎడమ చెయ్యి. ఆ చేతులను తొడల మీద ఒక్కో జానెడు పైకి జరుపుకుంటూ, తన శరీరాన్ని తనే ఎక్కుతున్నట్టు నిటారుగా వచ్చాడు. స్టాప్‌వాచ్‌లో 5.8 సెకన్లు. ఈ వయసు పిల్లవాడికి రెండు సెకన్ల పని.

దీన్ని గవర్స్ సైన్ అంటారు. 1879లో విలియం గవర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు దీన్ని వివరంగా రాశాడు. తుంటి, తొడ కండరాలు బలహీనపడ్డాయని చెప్పే గుర్తు ఇది. జబ్బు పేరేమిటో ఇదొక్కటే చెప్పదు. కానీ ఇది కనిపించాక నా దృష్టి మడమ మీంచి తుంటికి మారింది.

వెల్లకిలా పడుకోబెట్టి, బొమ్మ చూపిస్తూ తల మాత్రం ఎత్తమన్నాను. గడ్డం ఛాతీ వైపు రాలేదు, పక్కకి ఒరిగి లేవబోయాడు. మెడ ముందు కండరాల ఈ బలహీనత చాలా తొందరగా కనిపించే గుర్తు, ఎవరూ చూడరు. పిక్కలు వయసుకు మించి లావుగా ఉన్నాయి. పట్టుకుంటే కండరం మెత్తగా ఒత్తుకోకుండా గట్టి రబ్బరులా తగిలింది. "మావాడి పిక్కలు పహిల్వాన్ పిక్కలు" అని తండ్రి మురిపెంగా చెప్పాడు. ఆ మాటకు వెంటనే ఏం జవాబివ్వాలో తెలియలేదు.

చీలమండ కొలతలు తీసుకున్నాను. మోకాలు చాచి ఉంచినప్పుడు పాదం కుడివైపు లంబకోణానికి 5 డిగ్రీలు తక్కువలోనే ఆగింది, ఎడమవైపు సరిగ్గా లంబకోణం దగ్గర. మోకాలు వంచితే రెండు వైపులా ఇంకో 8, 10 డిగ్రీలు వచ్చింది. అంటే బిగుతు నిజమే, చీటీలో రాసింది తప్పు కాదు. కానీ పాదాన్ని గబుక్కున నెట్టినా కొట్టుకోలేదు. మోకాలి దగ్గర రిఫ్లెక్స్ బాగా తగ్గింది, చీలమండ దగ్గర ఉంది. అరికాలు గీస్తే బొటనవేలు కిందకే వంగింది. మెదడు, వెన్నుపాము దారిలో తేడా ఉంటే ఇలా ఉండదు. నరాల జబ్బయితే పాదం దగ్గర బలం ముందు తగ్గాలి, రిఫ్లెక్స్ ముందు చీలమండలో పోవాలి. ఇక్కడ తిరగేసి ఉంది: తుంటి దగ్గర బలహీనం, పాదం దగ్గర బలం. ఇది కండరం జబ్బు.

లివర్ అనుకున్నది

పాత కాగితాలు అన్నీ తెమ్మన్నాను. ప్లాస్టిక్ కవర్లో మడతలు పెట్టి తెచ్చారు. మూడేళ్లప్పుడు జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేర్చినప్పటి రక్త పరీక్ష అందులో ఉంది: ఎస్‌జీపీటీ 286, ఎస్‌జీఓటీ 241. మామూలుగా ఇవి 40 లోపు ఉంటాయి. బిలిరుబిన్ మామూలే. లివర్ వాచిందన్నారు. హెపటైటిస్ పరీక్షలు చేశారు, ఏమీ లేదు. కడుపు స్కానింగ్ చేశారు, అందులోనూ ఏమీ లేదు. నాలుగు నెలల తర్వాత మళ్లీ చేస్తే అంకెలు అలాగే ఉన్నాయి. పచ్చకామెర్లు లోపల ఉండిపోయాయని ఎవరో చెబితే ఊరికెళ్లి పసరు మందు పోయించారు. నూనె, కారం మాన్పించి పత్యం పెట్టారు. బాబు బరువు తగ్గాడు, అంకెలు తగ్గలేదు.

ఆ రెండు ఎంజైములూ లివర్‌లో ఉన్నట్టే కండరంలోనూ ఉంటాయి. కండరం కరిగిపోతున్నప్పుడు రక్తంలోకి వస్తాయి. కళ్లు పచ్చబడకుండా, స్కానింగ్ బాగుండి, ఇవి మాత్రం నెలల తరబడి ఎక్కువగానే ఉంటే కండరం ఎంజైమును కొలిచే సీపీకే అనే పరీక్ష చేయించాలి. దాంతోపాటు జీజీటీ చేయిస్తే ఇంకా స్పష్టం: లివర్ దెబ్బతింటే అది పెరుగుతుంది, కండరం దెబ్బతింటే పెరగదు. ఖర్చు కొన్ని వందల రూపాయలు. పిల్లల డాక్టర్లు, ల్యాబు వాళ్లు ఈ పేరా చదివితే చాలు అనిపిస్తుంది నాకు.

తల్లిదండ్రులకు జబ్బు పేరు నేను చెప్పలేదు, చెప్పడం నా పని కాదు. కాళ్లలో కండరాల బలం తక్కువగా ఉందని, మడమ బిగుతు దాని వల్ల వచ్చి ఉండొచ్చని, రక్త పరీక్ష అయ్యేదాకా సాగదీయడం మెల్లగా మాత్రమే చేద్దామని, ఆపరేషన్ మాట ఎత్తొద్దని చెప్పాను. వాళ్ల పిల్లల డాక్టరుకు అక్కడే ఫోన్ చేసి చూసిందంతా చెప్పాను. ఆయన అదే రోజు పరీక్షలు రాశారు.

సీపీకే 17,840. మామూలుగా 200 లోపు ఉండాలి. జీజీటీ మామూలే.

ఈ స్థాయి సీపీకే, ఈ వయసు మగపిల్లాడు, లావైన పిక్కలు, గవర్స్ సైన్ కలిస్తే ముందు అనుమానించాల్సింది డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ. కండరం కణం గోడను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారు కాకపోవడం వల్ల వచ్చే జబ్బు. పుట్టే మగపిల్లల్లో సుమారు 3,500 నుంచి 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. ఆ ప్రొటీన్‌ను 1987లో కనుగొన్నారు. దాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అందులో 79 ముక్కలు (ఎక్సాన్లు) ఉంటాయి. మనిషి జన్యువుల్లో అతి పెద్దవాటిలో అదొకటి, అందుకే దానిలో తప్పులు దొర్లే అవకాశమూ ఎక్కువ. బాబుకు మాటలు ఆలస్యం కావడం కూడా ఇందులో భాగమే. డిస్ట్రోఫిన్ మెదడులోనూ పనిచేస్తుంది.

హైదరాబాద్‌లో పిల్లల న్యూరాలజిస్టు చూసి, ఎంఎల్‌పీఏ అనే జన్యు పరీక్షకు రక్తం పంపారు. 48 నుంచి 50 దాకా ముక్కలు లేవని రిపోర్టు వచ్చింది. కండరం ముక్క తీసి చేసే పరీక్ష అవసరం రాలేదు. పదిమందిలో దాదాపు ఏడుగురికి ఇలా ముక్కలు పోవడమే కారణం కాబట్టి ఎక్కువ కేసులు రక్తంతోనే తేలిపోతాయి.

అమ్మమ్మ చెప్పిన మాట

మొదటిరోజు అడిగినప్పుడు "మా రెండు ఇళ్లలో ఇలాంటివి ఎవరికీ లేవు" అన్నారు. రిపోర్టు వచ్చాక తల్లి తన అమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. నేను ప్రశ్న మార్చి అడిగాను: మీ పిల్లల్లో, మీ అక్కచెల్లెళ్ల పిల్లల్లో చిన్నతనంలో నడక పోయినవాళ్లు, చిన్న వయసులో చనిపోయిన మగపిల్లలు ఎవరైనా ఉన్నారా?

"మా పెద్దోడు ఉండేవాడు బిడ్డా. పోలియో వచ్చింది వాడికి. ఐదో ఏట నుంచి పడతా ఉండేవాడు. పదేళ్లకు నడక పోయింది. పద్దెనిమిదో ఏట ఆయాసం వచ్చి పోయాడు. వాడి పిక్కలు కూడా ఇట్లాగే గట్టిగా ఉండేవి."

పోలియో అలా రాదు. జ్వరంతో వస్తుంది, కొద్ది రోజుల్లోనే కాలో చెయ్యో పడిపోతుంది, ఎక్కువగా ఒక పక్క. తర్వాత ఆ కాలు సన్నబడుతుంది గానీ ఏడాదికి కొంత చొప్పున బలహీనపడుతూ పోదు. ఐదేళ్లకు మొదలై, పదేళ్లకు నడక పోయి, పద్దెనిమిదేళ్లకు ఊపిరి, గుండె దాకా వచ్చిందంటే అది పోలియో కాదు. ఆ కాలంలో పల్లెల్లో కాళ్లు పోయిన ప్రతి పిల్లవాడికీ ఆ పేరే పెట్టారు. మా వైపు కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు "పోలియో" అనే జవాబు వస్తే నేను అక్కడే ఆగి, ఎన్నేళ్లకు మొదలైంది, జ్వరం వచ్చిందా, రెండు కాళ్లా ఒక కాలా అని అడుగుతాను.

ఈ మాటతో తల్లి విషయం కూడా దాదాపు తేలినట్టే. ఒక మగబిడ్డకు, తర్వాతి తరంలో కూతురి బిడ్డకు వచ్చిందంటే ఆ లోపం అమ్మమ్మ నుంచి కూతురికి వచ్చింది. తల్లికి చేసిన జన్యు పరీక్ష కూడా అదే చెప్పింది. ఇలాంటి తల్లుల్లో సీపీకే కొందరికి మామూలుగానే ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకుని "మీకేం లేదు" అనకూడదు, జన్యు పరీక్షే చేయాలి.

నాయనమ్మ మాత్రం మేనరికం వల్లే వచ్చిందంటోంది. తల్లిదండ్రులది నిజంగానే మేనరికం. ఇది తెలుగు ఇళ్లలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి వివరంగా చెబుతాను. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై క్రోమోజోమ్. ఈ లోపం ఉండేది ఎక్స్ మీద, అది తల్లి నుంచే వస్తుంది. అందుకని ఈ అబ్బాయి తండ్రి బావ అయినా, ఏ సంబంధమూ లేని వాడైనా జరిగేది ఇదే. డుషెన్‌కూ మేనరికానికీ లింకు లేదు. కానీ లింబ్ గర్డిల్ అనే ఇంకో రకం కండరాల జబ్బు ఉంది. అందులోనూ పిక్కలు లావుగా ఉంటాయి, సీపీకే వేలల్లో ఉంటుంది. అందులో చాలా రకాలకు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం రావాలి కాబట్టి మేనరికంలో ఎక్కువ, ఆడపిల్లలకూ వస్తుంది. మేనరికం ఉన్న ఇంట్లో డుషెన్ పరీక్ష మామూలుగా వస్తే అక్కడితో ఆపకుండా అటు వెతకాలి.

"అయితే నా వల్లే కదా మేడం" అంది తల్లి. ఆమె తెచ్చుకున్నది కాదు, ఆమెకు తెలిసి ఇచ్చిందీ కాదు. ఈ జబ్బున్న పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి తల్లిలో కూడా ఆ లోపం ఉండదు, కొత్తగా పుడుతుంది. ఈ మాటలు ఆమెతో ఒంటరిగా కాదు, అత్తగారూ భర్తా పక్కన ఉండగానే చెప్పాను. ఇంటికెళ్లాక ఆ మాటలు వాళ్లకి కూడా గుర్తుండాలి.

తర్వాత అడగాల్సింది చెల్లెలి గురించి. తల్లికి పెళ్లై కొద్ది నెలలే అయిన చెల్లెలు ఉంది. లోపాన్ని మోస్తున్న అమ్మకు పుట్టిన కూతురికి లోపం వచ్చే అవకాశం సగం. గర్భం రాకముందే పరీక్ష చేస్తే మంచిదని న్యూరాలజిస్టు, జెనెటిక్ కౌన్సెలర్ ఇద్దరూ చెప్పారు. ఏ ముక్కలు పోయాయో ముందే తెలుసు కాబట్టి వెతకడం తేలికైంది. ఆమెకు లోపం లేదని వచ్చింది. ఉందని వచ్చి ఉంటే, గర్భం వచ్చాక 11 వారాల నుంచి మాయ ముక్క తీసి చేసే పరీక్ష ఉంది. లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టమే ఇలాంటి జన్యు జబ్బుల కోసం గుర్తింపు ఉన్న కేంద్రాల్లో ఈ పరీక్షను అనుమతిస్తుంది. ఈ సంగతి తెలియక భయపడి ఆగిపోయే కుటుంబాలు ఉన్నాయి. లోపాన్ని మోస్తున్న ఆడవాళ్లకు గుండె కండరం బలహీనపడే అవకాశం ఉంటుంది కాబట్టి తల్లికీ, అమ్మమ్మకీ కూడా ఎకో చేయించారు.

మడమ ఎందుకు లేస్తుంది?

తండ్రి అడిగిన ప్రశ్న ఇది. తుంటిలో బలం తగ్గితే జబ్బు అక్కడ ఉండాలి కదా, పాదం ఎందుకు మారింది?

తుంటి వెనక కండరాలు బలహీనపడితే నిలబడ్డప్పుడు శరీరం ముందుకు పడిపోబోతుంది. దాన్ని ఆపడానికి బాబు నడుము లోపలికి వంచి భుజాలు వెనక్కి వేస్తాడు, పొట్ట ముందుకొస్తుంది. తొడ ముందు కండరం కూడా బలహీనమే, మోకాలు ముడుచుకుపోతే దాన్ని ఆపే బలం లేదు. మునివేళ్ల మీద నిలబడితే బరువు పాదం ముందుభాగం మీద పడుతుంది, నేల ఇచ్చే ఎదురు ఒత్తిడి మోకాలికి ముందు నుంచి వెళ్లి దాన్ని వెనక్కి నెట్టి నిలబెడుతుంది. కండరం చేయాల్సిన పనిని ఆ నిలబడే తీరు చేస్తోంది. అలా నెలల తరబడి నిలబడ్డాక పిక్క కండరం నిజంగానే కురచబడుతుంది. చీటీలో రాసిన బిగుతు ఆ తర్వాతి సంగతి.

అందుకే ఆపరేషన్ మాట నాకు భయం వేసింది. బిగుతు ఒక్కటే చూసి ఆ టెండన్‌ను పొడవు చేస్తే, మోకాలికి ఉన్న ఆ ఒక్క ఆసరా పోయి కొందరు పిల్లలు నడకే కోల్పోతారు. ఇంకో ప్రమాదం మత్తుమందు. సక్సినైల్‌కోలిన్ అనే మందు, పీల్చే మత్తు వాయువుల్లో కొన్ని ఈ పిల్లల్లో కండరాన్ని ఒక్కసారిగా కరిగించి రక్తంలో పొటాషియం పెంచి గుండె ఆగిపోయేలా చేయగలవు. జబ్బు సంగతి తెలియకుండా టేబుల్ ఎక్కించడం అంటే అదీ ప్రమాదం. అందుకే ఇప్పుడు బాబు స్కూల్ బ్యాగులో లామినేట్ చేసిన కార్డు ఒకటి ఉంటుంది. ఏ జబ్బు, ఏ మందులు ఇవ్వకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది.

వైద్యం

జలుబు, జ్వరం లేని సమయం చూసి, చికెన్‌పాక్స్, న్యుమోకాకల్ టీకాలు ముందే వేయించి, డెఫ్లజాకార్ట్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కిలోకు రోజుకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున. స్టెరాయిడ్ అనగానే తండ్రి వద్దన్నాడు. ఇది జబ్బును నయం చేయదు, కానీ నడక నిలిచే కాలాన్ని కొన్నేళ్లు పెంచుతుంది, వెన్ను వంకర తిరగడాన్ని తగ్గిస్తుంది, ఊపిరితిత్తుల బలాన్ని నిలుపుతుంది. బదులుగా ఆకలి పెరుగుతుంది, మొహం గుండ్రంగా అవుతుంది, ఎత్తు పెరగడం తగ్గుతుంది, ఎముకలు పలచబడతాయి, పిల్లవాడికి కోపం ఎక్కువవుతుంది. ఇవన్నీ ముందే చెప్పడం వల్లే వాళ్లు మధ్యలో ఆపలేదు. ఈ మందు ఒక్కసారిగా ఆపడం ప్రమాదం, దాన్ని కూడా కార్డు మీద రాశాం.

సాగదీయడం కొనసాగించాం. వారంలో కనీసం ఐదు రోజులు, పడుకునే ముందు తల్లి చేస్తుంది, నొప్పి పుట్టకుండా. రాత్రిపూట పాదాన్ని లంబకోణంలో ఉంచే స్ప్లింటు. పగలు నడకకు స్ప్లింటు వేయలేదు, వేస్తే మునివేళ్ల మీద నిలబడే ఆ ఉపాయాన్ని మనమే కట్టేసినట్టవుతుంది, పిల్లవాడు ఎక్కువ పడతాడు.

బలం పెంచుదామని మెట్లెక్కించడం, గొంతుక్కూర్చోబెట్టి లేపడం ఈ పిల్లలకు మంచిది కాదు. కండరం సాగుతూ బరువు మోసేటప్పుడే ఎక్కువ చిరుగుతుంది. దానికోసం స్కూలుకు వెళ్లి టీచర్లతో మాట్లాడాను. గుంజీలు, కప్పగంతులు శిక్షగా గానీ ఆటగా గానీ వద్దు. కింద కూర్చోబెట్టకుండా బెంచీ ఇవ్వండి. క్లాసు కింది అంతస్తులో పెట్టండి. హెడ్‌మాస్టరు అక్కడికక్కడే క్లాసు గది మార్చేశారు. నీళ్లలో ఆట మాత్రం చాలా మేలు. దగ్గర్లో స్విమ్మింగ్ పూల్ లేదు, పొలంలో బోరు దగ్గర సిమెంటు తొట్టి ఉంది. ఎండ ఎక్కువ లేని పూట ఛాతీ దాకా నీళ్లు పెట్టి తండ్రి దగ్గరుండి ఆడిస్తాడు. బాబు వారమంతా ఎదురుచూసేది దానికోసమే.

కొత్త మందుల గురించి తండ్రి యూట్యూబ్‌లో చూసి అడిగాడు. బాబుకు పోయిన ముక్కల ప్రకారం 51వ ముక్కను దాటవేయించే మందు పనిచేసే రకం ఇది. ఎటెప్లిర్సెన్ అనే ఆ మందుకు అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. దానివల్ల డిస్ట్రోఫిన్ కొద్దిగా తయారవుతుంది, నడకలో లాభం ఎంతన్నది ఇంకా వాదనలో ఉంది, ఖర్చు సామాన్యులకు ఊహకు అందనిది. మన దేశంలో 2021 అరుదైన జబ్బుల జాతీయ విధానంలో డుషెన్ ఉంది, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి దానికి ఒక కేంద్రం. అక్కడ పేరు నమోదు చేయించాం. పొలం అమ్మొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మస్కులర్ డిస్ట్రఫీ ఉంది కాబట్టి సదరం సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించాం.

ఇప్పుడు

బాబుకు ఆరున్నరేళ్లు. నడక పరీక్షలకు వాడే నార్త్ స్టార్ స్కోరు 34కు 19 నుంచి 25కు వచ్చింది. నేల మీంచి లేవడానికి 4.1 సెకన్లు. మెట్లు ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతున్నాడు. ఇందులో మందుది ఎంత, వయసుది ఎంత అని తల్లిదండ్రులకు వివరంగా చెప్పాల్సి వచ్చింది. ఆరేడేళ్ల దాకా ఎదుగుదల జబ్బు కంటే ముందుంటుంది, ఏ మందూ లేని పిల్లలు కూడా కాస్త మెరుగుపడతారు. ఆ వయసులో నూనె మర్దన చేయించినవాళ్లు మర్దన పనిచేసిందనుకుంటారు, తర్వాత జారుడు మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది.

కుడి చీలమండ లంబకోణం దగ్గరికి వచ్చింది, ఎడమది 3 డిగ్రీలు పైకి. మునివేళ్ల నడక ఇంకా ఉంది, అలసిపోయిన సాయంత్రాల్లో బాగా తెలుస్తుంది. దాన్ని పూర్తిగా మాన్పించడం మా లక్ష్యంలో లేదు. గుండె ఎకో ఈ ఏడాది మామూలుగా వచ్చింది, ఏటా చేయించాలి. వచ్చేసారి వెన్నెముక ఎక్స్‌రే, విటమిన్ డి, కూర్చుని ఊదే ఊపిరి పరీక్ష ఉన్నాయి. బాబు ఒకటో తరగతిలో ఉన్నాడు, తెలుగు బాగానే చదువుతున్నాడు, లెక్కల్లో వెనకబడుతున్నాడు. దానికి స్పెషల్ ఎడ్యుకేటర్‌ను కలవమని రాసిచ్చాను.